పిలవని పేర్ల పట్టిక

సూయజ్,
6 అక్టోబర్ 2008

అనాయాత్ అత్తకి,

సలాములు. పండగ కహ్క్ బిస్కెట్ల డబ్బా నిన్న అందింది. మూత తీస్తే సగం పొడి, మిగతా సగం ఇంకా సన్నపు పొడి. ఆఫీసు బల్ల మీద పెట్టాను. చెంచాలతో తిన్నారు. "రషీద్‌లో బిస్కెట్లు ఇలాగే చేస్తారా?" అని పక్క బల్ల మదామ్ ఇన్సాఫ్ అడిగితే అవునన్నాను. మన ఊరి పరువు నీ చేతిలో ఉంది, ఈసారి డబ్బాలో గడ్డి కూరు.

ఉద్యోగం సంగతి అడిగావు. సముద్రపు నీటిని తాగేనీరు చేసే కర్మాగారం ఒకటి ఊరికి దక్షిణాన లేస్తోంది. దాన్ని నడిపే కార్మికులకి ఒక పుస్తకం కావాలి, ఏ పంపు ఎప్పుడు తిప్పాలి, ఏ వాల్వు ఎప్పుడు మూయాలి అని చెప్పేది. ఆరువందల పైచిలుకు పుటలు. రాసేది పద్నాలుగుమంది ఇంజినీర్లు. ఆ పద్నాలుగు రాతల్నీ ఒక్కరే రాసినట్టు కూర్చి పెట్టేది నేను. డిసెంబరు ఆఖరువరకే నా కాగితం. ఆలోగా పరిశీలక సంఘం పుస్తకానికి సరే అంటే ఉద్యోగం ఖాయం. లేదంటే తంతాకి పోయి, అమ్మ పక్కన పడుకుని, మామయ్య ట్యూషన్ సెంటర్లో పిల్లలకి వ్యాకరణం చెప్పుకోవడమే. ఆ సెంటర్లో తిరగని ఫ్యాను కింద రెండేళ్లు కూర్చున్నానని నీకు తెలుసు. ఇంకో ఏడాది కూర్చుంటే నేనూ తిరగడం మానేస్తాను.

అసలు చిక్కు పొడి అక్షరాలు. ఇంజినీర్లకి పూర్తి మాట పలకాలంటే దవడ నొప్పి. హైప్రెషర్ పంపు అనరు, హై.పం. అంటారు. ఉప్పునీటి తొట్టి ఉ.తొ. ఇలాంటివి నాలుగువందల పన్నెండు లెక్కపెట్టాను. ఎవరి పుస్తకంలో వాళ్ల సొంత పొడి అక్షరాలు, ఎవరి అర్థం వాళ్లది.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. కంప్యూటర్లో ఒకే దస్త్రంలో ప్రతి పొడి మాటనీ దాని పూర్తి రూపాన్నీ ఒక్కసారి రాసి ఉంచుతాను. పుస్తకంలో కావలసినచోట దాన్ని పిలుస్తాను, అంతే. మొదటిసారి పిలిస్తే ప్రోగ్రామే పూర్తి మాట వేసి పక్కన పొడి అక్షరాలు పెడుతుంది. రెండోసారి నుంచి పొడి అక్షరాలే. పెళ్లిలో కొత్తల్లుణ్ణి ముందు "ఫలానా హాజీ గారి మూడోవాడు, సిమెంటు వ్యాపారం" అని పరిచయం చేసి, గంట పోయాక "ఒరేయ్, ఆ కుర్చీ ఇలా లాగు" అన్నట్టు. పుస్తకం చివర పదాల పట్టిక కూడా అదే వేసుకుంటుంది, పుట సంఖ్యలతో సహా. ఒక తమాషా ఏమిటంటే, పుస్తకంలో పిలిచినవాళ్లకే ఆ పట్టికలో పీట. దస్త్రంలో ఎన్ని పేర్లున్నా, పిలవకపోతే కనపడవు.

పిలవని పేర్లు కూడా కొన్ని రాసిపెట్టుకున్నాను. ఒకటి చెప్తాను, నవ్వకు: *ఇ.చ.టీ. — ఇన్సాఫ్ గారి చల్లారిన టీ. పోసినప్పుడు వేడిగా ఉండినట్లు ప్రత్యక్ష సాక్షులున్నారు.*

నీ చెవులెలా ఉన్నాయి?

నీ
రీహామ్

*

రషీద్,
13 అక్టోబర్

ఏమే రీహామ్ పిల్లా,

నా చెవులు ముప్ఫై ఒక్క ఏళ్లు సీసం అక్షరాలు పోతపోసే మిషన్ల పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దినప్పుడే పోయాయి. ఇప్పుడెలా ఉన్నాయని అడుగుతావేం? మీ తమ్ముడు కొనిపెట్టిన ఫోను చెవికి ఆనిస్తే జాడీలో దోమ తిరిగినట్టుంటుంది. సందేశాలు పంపుకోవచ్చంటాడు. ఆ తెర మీద అక్షరాల మధ్య ఎడం చూశావా? అలా కూర్చినవాణ్ణి మా ప్రెస్సులో అయితే మర్నాడే సంచులు కుట్టే పనికి పంపేవాళ్లం. నాకు ఉత్తరాలే రాయి.

నీ పద్ధతి నాకు నచ్చింది. మన ఊళ్లో దొరికిన రాయి మీద ఒకే సంగతి మూడు లిపుల్లో చెక్కారు. అయినా వందల ఏళ్లు దాన్ని గోడలో ఇటుకలా వాడుకున్నారు తప్ప ఎవడికీ అర్థం కాలేదు. చివర పదాల పట్టిక పెట్టి ఉంటే ఆ బాధే ఉండేది కాదు.

కానీ ఒక మాట చెప్తా విను. మా ప్రెస్సులో ఫత్హల్లా అని కంపోజిటర్ ఉండేవాడు. ఓ మధ్యాహ్నం సరదాకి ఒక లైను పేర్చాడు: "ఇది దిద్దేవాడికి ఆకలేస్తోంది." పేర్చి, నవ్వుకుని, అక్షరాలు పెట్టే గేలీ పళ్లెం పక్కన వదిలేశాడు. అది మూడో తరగతి లెక్కల పుస్తకంలోకి ఎక్కింది, తీసివేతల కింద, పద్దెనిమిదో లెక్కగా. ఎనభైవేల ప్రతులు. పాపం ఒక పిల్లాడు దానికి జవాబు కూడా రాశాడుట, "మూడు రొట్టెలు" అని. పేర్చిన అక్షరం అచ్చు కాక మానదు. నా వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

ఇంత చెప్పాను కదా, ఇక నావి రెండు రాసుకో:

*అ.అ.అ. — అచ్చయ్యాకే అగుపించే అచ్చుతప్పు. వెయ్యి కళ్లు చూసినా దాగి, మొదటి ప్రతి విప్పగానే పలకరిస్తుంది.*

*ప.పె. — పర్యవేక్షకుడి పెన్ను. ఎప్పుడూ వేరే చొక్కా జేబులో ఉంటుంది.*

మొదటిది నా జీవితం. అంతమంది పుస్తకాలు దిద్దాను, ఒక్క దాంట్లోనూ నా పేరు లేదు, నా మాట లేదు. ప్రూఫులు దిద్దేవాళ్లు నీ పిలవని పేర్ల లాంటివాళ్లే.

తింటున్నావా?

మీ అత్త
అనాయాత్

*

సూయజ్,
1 నవంబర్

అత్తా, ఫత్హల్లా అత్తా,

అలా పిలిస్తే కోపమా? నీ రెండు మాటలూ దస్త్రంలోకి ఎక్కాయి. అందరికంటే పైన, అకారంలో, నీదే మొదటి వరస.

పోయిన నెలంతా మా ఇంజినీర్ల పెద్ద, బాష్‌మొహందిస్ వగ్దీ గారితో గడిచింది. మంచి మనిషి, అరటిపండు తొక్క కూడా నేల మీద వెయ్యడు. కాకపోతే మాట్లాడితే జల్లు పడుతుంది. కాబట్టి *వ.జ.ప. — వగ్దీ గారి జల్లు పరిధి. సాధారణంగా ఒక మీటరు. కోపంలో రెండు.* ఇక ఏది అడిగినా ఒక్కటే సమాధానం.

"బాష్‌మొహందిస్, నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం..."

"రేపు చూద్దాం తల్లీ."

"నిన్న కూడా రేపన్నారండీ."

"అయితే ఇవాళ కాదని నిన్ననే తెలిసిందిగా! ఇంకా అడుగుతావేం?"

అందుకని *వ.రే.చూ. — వగ్దీ గారి 'రేపు చూద్దాం'. స్థిర రాశి. కాలంతో గానీ, పీడనంతో గానీ, ఉష్ణోగ్రతతో గానీ మారదు.* ఇది రాశాక ఆ పూటంతా హాయిగా పనిచేశాను. మందు వేసుకున్నట్టుంది.

ఒకటి మాత్రం నవ్వులాట కాదు. నాలుగో అధ్యాయంలో క.వా.7 అని ఒక వాల్వు ఉంది, కడుగు వాల్వు. తొమ్మిదో అధ్యాయంలో ఉ.వి.3, ఉప్పునీటి విడుదల. రాసినవాళ్లు వేరు, ఇద్దరికీ మాటల్లేవు. రెండు పొడి మాటలూ దస్త్రంలో పక్కపక్కన పెట్టి చూస్తే పైపు కొలత ఒకటే, చోటు ఒకటే. అది ఒకే వాల్వు! పుస్తకమేమో పంపు ఆపేముందు మొదటిది తెరిచి రెండోది మూయమంటుంది. ఒకే తలుపుని తెరిచి మూయమంటే నడిపేవాడు ఏం చేస్తాడు? లోపల నీళ్లు ఆగిపోతే ఉప్పు వడకట్టే ఖరీదైన పొరలన్నీ చిరుగుతాయి. ఇద్దరినీ విడివిడిగా అడిగాను. "నా పేరే అసలు పేరు, అవతలివాడిది తప్పు" అని ఇద్దరూ ప్రమాణం చేశారు. వగ్దీ గారికి చెప్పాను. ఏమన్నారో నీకు తెలుసు.

కోపంతో రాశాను: *రెం.మొ.వా. — రెండు మొగుళ్ల వాల్వు. క.వా.7 అన్నా ఇదే, ఉ.వి.3 అన్నా ఇదే. ఇద్దరూ తమదంటారు, ఎవరూ కాపురానికి తీసుకెళ్లరు.*

అమ్మ అక్కడికొస్తే కనపడకుండా ఈ ఉత్తరం దాచు. వగ్దీ గారు పిలుస్తున్నారు.

రీహామ్

*

రషీద్,
9 నవంబర్

రీహామ్,

రెండు మొగుళ్ల వాల్వు దగ్గర టీ ముక్కులోంచి వచ్చింది. కింద వాటాలో హాజా తఫీదా పైకి పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని. ఆవిడకీ చదివి వినిపించాను. ఆవిడ గట్టిగా ఏదో అంది, నాకు వినపడలేదు, నవ్వింది మాత్రం కనపడింది.

సరే, అసలు సంగతికి వస్తా. నేను ప్రూఫులు దిద్దిన మనిషిని, లెక్క తప్పను. మొదటి ఉత్తరంలో ఆ పేరు సున్నా. రెండోదాంట్లో వగ్దీ, వగ్దీ, వగ్దీ. ఐదు సార్లు, పొడి అక్షరాలు కాక. ఒక ఆడపిల్ల ఒక మగవాడి జల్లు ఎంత దూరం పడుతుందో కొలిచిందంటే ఎంత దగ్గర నిలబడినట్టు? దాచకు. అతని వయసెంత? ఏ ఊరివాళ్లు? తల్లి ఉందా? ఉంటే ఎలాంటిది?

నీ దస్త్రానికి ఇంకొకటి: *వ.మీ. — వగ్దీ గారి మీసం. రంగు వేసినదో కాదో వర్షంలో తేలుతుంది.* చూడకుండానే చెప్తున్నా, రేపు రేపు అనే మగవాళ్లందరూ మీసానికి రంగేస్తారు.

మీ అత్త

*

సూయజ్,
27 నవంబర్

అత్తా!

వగ్దీ గారికి యాభై ఎనిమిదేళ్లు. భార్య ఉంది, ఆవిడ చేసే ములూఖియా పులుసు ఆఫీసుకి వస్తుంది. ముగ్గురు మనవలు. నీ సంబంధం వెనక్కి తీసుకో. మీసం మాట దస్త్రంలో పెట్టలేదు. నాక్కూడా కొంచెం భయముంటుంది. అయినా నిజంగానే రంగే.

కొత్త గొడవ. వగ్దీ గారు నా బల్ల దగ్గరికొచ్చి ఒక బొమ్మ చూపించారు. పైపుల నక్షా.

"ఇక్కడ మూలన తు.గే. అని ఉంది. నీ పట్టికలో ఏదీ?"

"అది బొమ్మలో ఉందండీ. ప్రోగ్రాముకి కళ్లు లేవు. నేను పాఠంలో పిలిస్తేనే దానికి తెలుస్తుంది. బొమ్మలన్నీ వెతికి ఒక్కొక్కటే చేరుస్తాను, వారం ఇవ్వండి."

"వారమా? దస్త్రంలో అన్నీ ఉన్నాయన్నావుగా. అన్నీ వేసెయ్."

"అన్నీ వద్దండీ!"

కొంచెం గట్టిగా అన్నాననుకుంటా. మదామ్ ఇన్సాఫ్ తలెత్తి చూసింది. "ఎందుకొద్దు?" అన్నారాయన. నేనేం చెప్పను? "పుటలు పెరుగుతాయండీ" అన్నాను. "అయితే రేపు చూద్దాం" అన్నారు. ఆ మాట వినబడితే ఇంత సంతోషమవుతుందని అనుకోలేదు.

నిజానికి అన్నీ వేయించే ఒక లైను దస్త్రంలో ఉంది. దాని ముందు ఒక గుర్తు పెట్టి నిద్రపుచ్చాను. పక్కనే నా చేత్తోనే "ఈ గుర్తు తీస్తే మొత్తం అచ్చవుతుంది" అని రాసి ఉంచాను. మన అలవాటు కదా, ఏది చేసినా పక్కన కారణం రాయడం. నువ్వే నేర్పావు.

బక్రీద్‌కి తంతా వెళ్తున్నాను, వారం రోజులు. నావి పదకొండూ ఈ కాగితం వెనక రాశాను, చదివి నవ్వుకో. వచ్చాక దస్త్రంలోంచి తీసి వేరే చోట దాచుకుంటాను. ఒట్టు.

రీహామ్

*

సూయజ్,
13 డిసెంబర్

అత్తా,

అయిపోయాను. నేను తంతాలో మాంసం పంచుతుంటే ఇక్కడ వగ్దీ గారికి జీవితంలో మొదటిసారి తొందర పుట్టింది. "ఇవాళే పంపాలి" అన్నారుట. మదామ్ ఇన్సాఫ్ దస్త్రం తెరిచి, నేను రాసిన సూచన చదివి, నేను చెప్పినట్టే గుర్తు తీసేసింది. పదమూడు ప్రతులు బైండు చేయించి, వగ్దీ గారికొకటి ఉంచి, పన్నెండు సంఘానికి పంపేశారు. 611 నుంచి 618 దాకా పట్టిక. పదకొండూ ఉన్నాయి. నల్లగా, తీరుగా, అకారాది క్రమంలో, ఎదురుగా పుట సంఖ్య లేకుండా. నీ అ.అ.అ. అందరికంటే ముందు నిలబడి పలకరిస్తోంది.

"పనంతా నేనే చేశాను, థాంక్స్ చెప్పవా?" అంది మదామ్ ఇన్సాఫ్. ఆవిడ టీ 612లో ఉంది.

రేపు పొద్దున వగ్దీ గారు చూస్తారు. మధ్యాహ్నానికి నా పెట్టె సర్దేస్తాను. మామయ్య ఫ్యాను నాకోసం ఎదురుచూస్తోంది.

నీ మాట వినని
రీహామ్

*

సూయజ్,
15 డిసెంబర్

అత్తా, మొన్నటి ఉత్తరం చించెయ్!

ఎవరూ చూడలేదు! రెండు రోజులైంది. వగ్దీ గారి బల్ల మీదే ప్రతి ఉంది, దాని మీద ములూఖియా డబ్బా పెట్టుకుని తింటున్నారు. పట్టిక ఎవరూ చదవరత్తా. రెండున్నర నెలలు నేను ప్రాణం పెట్టిన ఎనిమిది పుటలు లోకంలో ఎవరూ విప్పరు. ఏడవాలో నవ్వాలో తెలియడంలేదు. ప్రస్తుతానికి నవ్వుతున్నాను.

ఉపాయం ఆలోచించాను. "పుట సంఖ్యల్లో పొరపాటు" అని చెప్పి ఇరవై మూడున సంఘం కూర్చునేలోపు ఆ పుటలు మార్పించేస్తాను. వాల్వు సంగతి అప్పుడే సరైన చోట, సరైన భాషలో ఎక్కిస్తాను. నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకు. హాజా తఫీదాకి కూడా.

రీహామ్

*

రషీద్,
17 డిసెంబర్

నా తల్లీ రీహామ్,

నీ పదమూడో తారీకు ఉత్తరం ఇప్పుడే అందింది. ఏడవకు. పెట్టె విప్పు. అత్త బతికే ఉంది.

మీ వగ్దీకి ఇప్పుడే రిజిస్టరు ఉత్తరం రాశాను. అంతా నా నెత్తిన వేసుకున్నాను. "నా మేనకోడలికి ఏ పాపమూ తెలియదు. పట్టికలో ఆ పన్నెండు మాటలూ నావి. ముసలిదాన్ని, చెవిటిదాన్ని, ఊసుపోక రాసి పంపితే పెద్దల మాట కాదనలేక దాచుకుంది" అని రాశాను. అనుమానం రాకుండా పన్నెండూ వరసగా, అర్థాలతో సహా, చక్కని దస్తూరీతో ఎత్తి రాశాను. సాక్ష్యం ఉంటేనే కదా ఒప్పుకోలుకి విలువ? కూడా ఒక జాడీ ఉప్పు సార్డీన్లు పంపాను. మన రషీద్ సార్డీన్ తిన్న మగవాడు ఎవరి మీదా కోపం నిలుపుకోలేడు.

వాల్వు గురించి కూడా రాశాను. "దీన్ని నవ్వులాట అనుకోకండి. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను, ఒకే మనిషికి రెండు పేర్లున్న పుస్తకంలో చివరికి ఎవరో ఒకరు చచ్చిపోతారు" అని.

నిశ్చింతగా పడుకో.

మీ అత్త

*

సూయజ్,
24 డిసెంబర్

అత్తా,

నా పదిహేనో తారీకు ఉత్తరం నీకు ఇప్పటికి అంది ఉంటుంది. చదివి గుండెలు బాదుకుని ఉంటావు. బాదుకో, అర్హురాలివి. తర్వాత కూర్చుని ఇది చదువు.

ఇరవై రెండో తారీకు పొద్దున మార్చాల్సిన పుటలు సంచిలో పెట్టుకుని బయల్దేరుతున్నాను. వగ్దీ గారి గదిలోంచి చేపల వాసన. "రీహామ్!" అని కేక.

బల్ల మీద జాడీ. చేతిలో నీ ఉత్తరం.

"ఈ అనాయాత్ హానిమ్ ఎవరు?"

"మా మేనత్తండీ."

"దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఏ పట్టిక గురించి క్షమాపణ చెప్తోంది ఈవిడ?"

అప్పటిదాకా ఆయనకి ఏమీ తెలియదత్తా! ములూఖియా డబ్బా పక్కకి జరిపి, పుస్తకం తీసి, మొదటిసారి చివరి పుటలు విప్పారు. పైకి చదవడం మొదలుపెట్టారు. నేను రెండు మీటర్లు వెనక్కి జరిగాను.

"స్థిర రాశి. ఉష్ణోగ్రతతోనూ మారదా?"

"నేను సెప్టెంబరు ఆఖర్లో చేరానండీ. ఇంకా వేసవి చూడలేదు."

గుమ్మంలో మదామ్ ఇన్సాఫ్. "నా టీ గురించి సాక్షులెవరు? పేర్లు చెప్పు!" అంది. చేతిలో టీ, చల్లారిపోయింది.

ఆయన నీ ఉత్తరాన్నీ పట్టికనీ పక్కపక్కన పెట్టి వేలితో లెక్కపెట్టారు. "ఇక్కడ పదకొండే ఉన్నాయి. ఆవిడ పన్నెండు రాసింది. మీసం ఏదీ? నా మీసానికేమైంది?" నువ్వు రాయకపోతే ఆ ఒక్కటీ ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు.

తర్వాత రెండు మొగుళ్ల వాల్వు దగ్గర ఆగారు. నవ్వలేదు. నీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివారు. "ఇది నాకు ఎప్పుడు చెప్పావు?" అన్నారు. "మూడుసార్లు చెప్పానండీ" అన్నాను. "నేనేమన్నాను?" నేను వ.రే.చూ. వైపు వేలు చూపించాను. పుటలో ఉంది కదా.

"ఆ సంచిలో ఏమిటి?" అన్నారు చివరికి. మార్చే పుటలని చెప్పాను. చెయ్యి చాపి తీసుకుని, సొరుగులో వేసి తాళం వేశారు. "తప్పు మనదైతే మనమే నిలబడి చెప్పాలి. పుటలు దొంగతనంగా మార్చడం నా ఆఫీసులో లేదు." నా పని అయిపోయిందనుకున్నాను. నన్నూ సంఘం ముందుకి రమ్మన్నారు.

నిన్న వెళ్లాం, ఆ రెండు అధ్యాయాలు రాసిన ఇంజినీర్లతో సహా. పొడుగు బల్ల, పన్నెండు ప్రతులు. పదకొండు కొత్తగా మెరుస్తున్నాయి. ఒక్కటి మాత్రం చివరి పుటలు నలిగి, నూనె మరకలతో, మూల మడతపెట్టి ఉంది. అది సంఘంలో కార్మికుల తరఫున ఉన్న షిఫ్టు మేస్త్రీ రయీస్ అబ్దుల్‌ముగ్నీది. వగ్దీ గారు లేచి గొంతు సవరించుకునేలోపు ఆ మేస్త్రీయే మొదలుపెట్టాడు.

"ఈ పుస్తకం చివర పట్టిక రాసిందెవరు?"

నేను చెయ్యెత్తాను.

"నువ్వా అమ్మాయీ? నేను ఆరొందల పుటలు చదివేవాణ్ణి కాదు. మాట అర్థం కాకపోతే చివరికి పోయి చూసుకునేవాణ్ణి. అన్నీ బాగా చదివాను. ఇంట్లో మా ఆవిడకి కూడా చదివాను." ఆ ముక్క దగ్గర నవ్వు ఆపుకున్నాడు. "మూడు నెలల నుంచి ఉ.వి.3 కోసం పైపుల కింద పాకుతున్నాను. నక్షాలో ఉంది, నేల మీద లేదు. నా కళ్లే పోయాయనుకున్నాను. అది క.వా.7 అని ఈ రెండు మొగుళ్ల సంగతి చదివాకే తెలిసింది. ఈ పుస్తకం ప్రకారం పంపు ఆపి ఉంటే మొదటి రోజే పొరలు చిరిగేవి. నా మనుషులు పక్కన ఉండేవాళ్లు."

రాసిన ఇంజినీర్లిద్దరూ ఒకేసారి నేల చూశారు. వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

వగ్దీ గారు అప్పుడు అన్నారు: "ఆ అమ్మాయి నాకు మూడుసార్లు చెప్పింది. పట్టించుకోనిది నేను. అది రాసుకోండి."

గంట తర్వాత సంఘం తీర్పు కాగితం ఇచ్చింది. ఎత్తి రాస్తున్నాను:

"ఒకటి. సదరు వాల్వుకు పుస్తకమంతటా ఒకే పేరు ఉండవలెను. రెండు. పట్టికలో పిలవబడని మాటలు తొలగించవలెను. మూడు. 'వ.రే.చూ.' అను మాట ఎదుట పుట సంఖ్య లోపించినది. సభ్యుల అనుభవంలో అది అన్ని పుటలకూ వర్తించును. పై సవరణలతో పుస్తకం ఆమోదించడమైనది."

తిరుగు కారులో వగ్దీ గారు తీర్పు కాగితం మూడుసార్లు చదువుకున్నారు. ఆఫీసుకొచ్చి నేరుగా గదిలోకి పోయారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇంకెన్నాళ్లు, అడిగేస్తే పోతుందని, "బాష్‌మొహందిస్, నా కాగితం..." అన్నాను.

నోరు తెరిచారు. రేపు అనే మాట పెదవి దాకా వచ్చింది, నేను చూశాను. అక్కడే ఆపేశారు. సొరుగు తెరిచారు. ఒక జేబు తడిమారు, ఇంకో జేబు తడిమారు. పెన్ను లేదు. మదామ్ ఇన్సాఫ్ తన పెన్ను తెచ్చి ఇచ్చింది, ముఖం గోడవైపు తిప్పుకుని. సంతకం పెట్టి, తారీకు వేసి, కాగితం నా వైపు తోశారు.

"స్థిర రాశి అన్నావుగా?" అన్నారు. "దిద్దు."

దిద్దానత్తా. ఇప్పుడు దస్త్రంలో ఇలా ఉంది: *వ.రే.చూ. — వగ్దీ గారి 'రేపు చూద్దాం'. దాదాపు స్థిర రాశి. 23 డిసెంబర్ 2008న ఒక్కసారి మారినట్లు దాఖలా ఉంది.*

ఇదీ మిగతావీ అన్నీ పుస్తకంలోంచి పోతాయి, ఒక్కటి తప్ప. అది పుస్తకం చేరాక చూసుకో.

ఖాయమైన ఉద్యోగిని,
రీహామ్

*

రషీద్,
22 జనవరి 2009

రీహామ్,

పుస్తకం నిన్న చేరింది. ఈసారి గడ్డి కూరి పంపావు, సంతోషం.

నీ పదిహేనో తారీకు ఉత్తరం గురించి ఎత్తకు. అది చదివి రెండు రోజులు అన్నం తినలేదు. హాజా తఫీదా తినిపించింది.

నేను పుస్తకం వెనక నుంచి చదివాను, మీ రయీస్ లాగే. పట్టికలో మొదటి వరస. *అ.అ.అ. — అచ్చయ్యాకే అగుపించే అచ్చుతప్పు.* ఎదురుగా సంఖ్య, 3. కళ్లజోడు తుడుచుకుని మూడో పుటకి తిప్పాను. సవరణల పుట. పైన నీ వాక్యం: "ఈ పుస్తకంలో అచ్చయ్యాకే అగుపించే అచ్చుతప్పులు (అ.అ.అ.) కనిపిస్తే, కింది చిరునామాకు తెలియజేయండి." మొదటిసారి పిలిచావు కాబట్టి పూర్తి పేరుతో పరిచయం చేసి, పక్కన పొడి అక్షరాలు పెట్టింది మీ ప్రోగ్రాము. మర్యాద తెలిసింది.

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎవరూ నన్ను పుస్తకంలోకి పిలవలేదు పిల్లా. ఆ పుట మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత అలవాటు కొద్దీ మిగతా పుటలన్నీ దిద్దాను. మూడు తప్పులున్నాయి. పెన్సిలుతో గుర్తు పెట్టాను, చేతికే ఇస్తాను.

మీ వగ్దీ ఖాళీ జాడీ తిప్పి పంపాడు, కడిగి. లోపల చీటీ: "సార్డీన్లు అద్భుతం. మీసానికి రంగు వెయ్యను." రంగే. లేకపోతే ఎందుకు చెప్తాడు?

వచ్చేవారం శనివారం బస్సుకి వస్తున్నా. జాడీ నింపి తెస్తున్నా. మీ ఊళ్లో వర్షం ఎప్పుడు పడుతుందో కనుక్కుని ఉంచు.

పిలిస్తే వచ్చే
మీ అత్త అనాయాత్